ఒకే పక్క తప్పే బాణాలు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు గ్రౌండులోనే తెలిసింది. పిల్లలను వరుసలో నిలబెట్టి, చేతులు ముందుకు చాపమని చెప్పి, ఈల నోట్లో పెట్టుకున్నాను. జేబులో సెల్లు మోగింది. బడి వేళలో మా అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. "పాపా, మీ సారు తెల్లారుజామున పోయినాడంట. గుండె నొప్పంట. నిన్న సాయంత్రం గూడా టీ అంగడికాడ కూచ్చోని నవ్వుతా మాట్లాడినాడంట" అంది. ఈల తీసి జేబులో వేసుకున్నాను. ఎదురుగా నలభై మంది పిల్లలు చేతులు చాపుకొని అలాగే నిలబడి ఉన్నారు. దించమని చెప్పడానికి కొంచెంసేపు పట్టింది.

వజ్రకరూరు వైపు ఒక పల్లె బడిలో నేను ఇప్పుడు చేస్తున్నది ఆయన చేసిన ఉద్యోగమే. ఆ రోజు మా ఊరు సోమందేపల్లెకు బస్సులో పోతూ దారిపొడవునా ఏడ్చానంటే అబద్ధం. కొంత దూరం ఏడ్చాను, కొంత దూరం నవ్వుకున్నాను. ఆయనను తలుచుకుంటే నవ్వు రాకుండా ఉండటం కష్టం. పక్క సీటులోని ముసలామె నా మొహం ఒకసారి చూసి కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ఆయన అసలు కబడ్డీ మనిషి. ఎడమ మోకాలు కబడ్డీలోనే దెబ్బతింది, అందుకని నడకలో కొంచెం కుంటు. వక్కాకు నమిలే అలవాటు. ఈల ఊదాలంటే ముందు గోడ పక్కకు పోయి ఉమ్మి రావాలి. ఆయన గోడ వైపు నడవడం చూసి మేమే ఆట ఆపేసేవాళ్ళం. ఆయన తిరిగి వచ్చి, ఊదడానికి ఏమీ మిగల్లేదని తెలిసినా, ఊరికే ఒకసారి ఊదేవారు.

తొంభైల చివర్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మా బడికి రెండు వెదురు విల్లులు వచ్చాయి. బాణాలు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. విల్లులతోపాటు సారును పది రోజుల శిక్షణకు పిలిచారు. ఆ పది రోజుల్లో తాను వేసిన బాణం ఒక్కటి కూడా నడిమి పసుపు గుండ్రానికి తగల్లేదని ఆయనే మాకు చెప్పుకున్నారు. "నాకు తగల్దు. మీకు తగిలేట్టు చెప్తా. అదేరే పని, ఇదేరే పని" అన్నారు. అంతమంది పిల్లల ముందు తన చేతకానితనం చెప్పుకొని అంత హాయిగా నవ్విన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

బాణాలు కొనడానికి అనంతపురం పోతూ నన్నూ, నా స్నేహితురాలు ఎస్తేరునూ వెంటబెట్టుకుపోయారు. ఆటల సామాను అంగడాయన అల్యూమినియం బాణాలు తీసి బల్ల మీద పరిచాడు. తళతళా మెరుస్తున్నాయి. నేనూ ఎస్తేరూ నోరు తెరుచుకొని చూస్తున్నాం. సారు ఒకటి తీసుకొని రెండు చేతులతో వంచి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

"ఇవి పెద్దోళ్ళ విల్లుకు చేసినవప్పా. మా పాపలు లాగేది పిల్ల విల్లు. దానికి ఇంత గట్టి బాణం పెడితే విల్లుకు రాసుకొని యాడికో పోతాది."

"తక్కువకే ఇస్తాను సార్."

"పనికిరానిది తక్కువకు కొంటే దుడ్లు తక్కువ పోతాయి. అంతేగానీ పనికొస్తాదా?"

అంగడాయన ఆ బాణాలు మళ్ళీ పెట్టెలో సర్దేశాడు. లోపల ఒక మూల వెదురు పుల్లల కట్టలు దుమ్ము పట్టి ఉన్నాయి. సాధన చేసుకునేవాళ్ళకు తెప్పించానని, ఎవరూ అడగడం లేదని అన్నాడు. సారు పంచె ఎగగట్టినంత ఉత్సాహంగా ప్యాంటు మడిచి కింద కూర్చున్నారు. ఒక్కొక్క పుల్లా తీసి కన్ను మూసి చూడటం, గణుపు ఎక్కడుందో తడమటం, పక్కన పెట్టడం. తోక చివర గణుపు ఉంటే నారి పెట్టే గాడి తొందరగా చీలదట. మధ్యాహ్నమైంది. "సార్, నేను అన్నానికి పోవల్ల" అన్నాడు అంగడాయన. "పోయి రాప్పా, మేము ఈడనే ఉంటాం" అన్నారు సారు, తల ఎత్తకుండా. ఆయన కాసేపు మమ్మల్ని చూసి, ఇక లాభం లేదనుకున్నాడేమో, అంగడి మాకు వదిలేసి అన్నానికి పోయాడు.

ఊళ్ళోకి వచ్చాక ఇంకో పరీక్ష. హైవే పక్కన టీ హోటల్లో గ్లాసులు పెట్టే నల్లబండ నున్నగా ఉండేది. దాని మీద పుల్లలను దొర్లించేవారు. తిన్నగా ఉన్నది చప్పుడు లేకుండా పోతుంది, వంకర ఉన్నది టకటకమంటుంది. టీ తాగేవాళ్ళు గ్లాసులు చేతిలో పట్టుకొని నిలబడాల్సి వచ్చేది. ఆ తర్వాత బడి గోడకు రెండు మేకులు ఎడంగా కొట్టి, వాటి మీద పుల్లను అడ్డంగా పెట్టి, నడుమ ఒక తాళంకప్ప వేలాడదీసేవారు. పుల్ల ఎంత కిందికి వంగిందో గోడ మీద పెన్సిలు గీత. ఒకే గీతకు వంగినవన్నీ ఒక జత. ఆ తాళంకప్ప హెడ్మాస్టరు గదిది. ఆ వారమంతా హెడ్మాస్టరు గదికి తాళం లేదు.

మగ్గాలున్న ఇళ్ళకు పోయి తెగిన పట్టుదారాలు అడిగి తెచ్చేవాళ్ళం. ఒక్కొక్క జత తోకకు ఒక్కొక్క రంగు దారం. ఎస్తేరుకు ఆకుపచ్చ జత, నాకు కనకాంబరం రంగు జత వచ్చాయి. మొదటి వారంలోనే నేను గొడవపెట్టుకున్నాను.

"సార్, నావి ఎడం పక్కకే పోతాండాయి. ఏరేటివి ఇయ్యండి."

"అన్నీ ఎడం పక్కకేనా?"

"అన్నీ సార్."

"అయితే అవి మంచివే పాపా. ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క పోతే ఏడ్వల్ల. అన్నీ ఒకే పక్క తప్పుతాంటే నువ్వు ఒక్కదానివి రోంత జరిగితే సరిపాయ."

ఆయన వాళ్ళ నాయన వెంట ఎద్దుల సంతకు తిరిగిన మనిషి. ఎంత మంచి ఎద్దయినా పక్కదానితో అడుగు కలవకపోతే కాడికి పనికిరాదని అక్కడ నేర్చుకున్నారు. నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. సారు నాకు తాలు బాణాలు అంటగట్టి కబుర్లు చెప్తున్నారనే అనుకున్నాను.

మా బాణాలన్నీ మా చేతులకంటే నాలుగు వేళ్ళు పొడుగు. పెరిగే పిల్లకు లంగా కుచ్చు మడిచి కుట్టించినట్టు, బాణం కూడా పొడుగ్గానే ఇచ్చేవారు. నేర్చుకునే కొద్దీ పిల్ల ఇంకా వెనక్కి లాగుతుంది, బాణం పొట్టిదైతే మొన లోపలికి జారి చేతికి గుచ్చుకుంటుంది. "కుచ్చు ఇప్పుకోవచ్చు, బాణం ఇప్పుకునేకి రాదు గదా" అనేవారు.

ఇక ఈకలు. మాంసం ముట్టని మనిషి, ఆదివారం పొద్దున్నే కోడి అంగడి ముందు అందరితోపాటు నిలబడేవారు. రెక్క ఈకలు, అవీ ఒకే పక్క రెక్కవి కావాలి, లేకపోతే బాణం గాలిలో సరిగా తిరగదు. సారు మాంసం మొదలుపెట్టారని ఊరంతా గుసగుసలు పోయింది. ఆయన భార్యను బావి దగ్గర ఆడవాళ్ళు అడిగేశారు కూడా. మొన్న ఆ కోడి అంగడాయన అంగడి మూసి, శవం లేచేదాకా సారు ఇంటి ముందు నిలబడ్డాడు. "పదేండ్లు వచ్చినాడమ్మా. ఒక్క కోడి కొనలేదు. ఇన్నేండ్ల సావాసం మాత్రం ఉండాది మాకు" అన్నాడు నాతో. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇప్పుడు ఎవరైనా తల్లిదండ్రులు పిల్లకు బాణాలు ఎలాంటివి కొనాలని నన్ను అడిగితే సారు మాటలే నా నోట్లోంచి వస్తాయి. ముందు విల్లు ఎంతదో చూడండి. లేత విల్లుకు లేత బాణం. చేతికంటే పొడుగు. మెరిసేది ఒకటి కొనే బదులు ఒకే రకం ఆరు కొనండి, నేర్చుకునేటప్పుడు ఎలాగూ రెండు విరుగుతాయి, ఒకటి ముళ్ళకంపలో పోతుంది. వాళ్ళు తల ఊపి, చాలామంది మెరిసేదే కొనుక్కొని వస్తారు. వాళ్ళను తప్పుపట్టలేను. నేనూ ఆ అంగట్లో నోరు తెరుచుకొని చూసినదాన్నే.

ఆ ఏడు వాన మొదట్లో ఆశపెట్టి, వేరుశనగకు ఊడలు దిగే వేళకు మొహం చాటేసింది. మా బుడ్డల చేను నిలువునా ఎండిపోయింది. నాయన ఒక రోజు అన్నం తింటూ, "దీపావళి అయినాక బెంగుళూరుకు పోదాం. కట్టడం పని ఉండాదంట. నలుగురం పోతే నలుగురికీ పనే" అన్నాడు. నలుగురంటే అమ్మ, నాయన, నేను, చెల్లెలు. చెల్లెలికి ఎనిమిదేళ్ళు, నాకు పదమూడు. నా చదువు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేదంటే అది అయిపోయిందని అర్థం.

అదే వారంలో సారు ఒక కాగితం తెచ్చారు. అనంతపురంలో ఆటలాడే పిల్లలకు కొత్తగా హాస్టలు తెరుస్తున్నారు. విలువిద్యకు ఆరుగురు ఆడపిల్లలను తీసుకుంటారు. తిండీ బట్టా చదువూ అన్నీ అక్కడే. ఎంపిక దసరా మర్నాడే. నేను ఆ కాగితాన్ని సారు చేతిలోనుంచి లాక్కున్నంత పని చేసి రెండుసార్లు చదివాను. నాకు పతకాలూ పేరూ ఏమీ తోచలేదు. ఈ ఆరుగురిలో ఉంటే బడికి పోతాను, లేకపోతే ఇటుకలు మోస్తాను. నాకు తెలిసిందల్లా అంతే.

సెలవుల్లో సాధన చేసుకోమని ఎవరి బాణాలు వాళ్ళకు ఇచ్చి ఇంటికి పంపారు సారు. ఎన్ని జాగ్రత్తలు చెప్పారో! కింద పెట్టొద్దు, గొర్రెల దగ్గర వేయొద్దు, ఎలుకలకు అందనీయొద్దు. ఆయుధపూజ సంగతి మాత్రం ఆయనకు తోచలేదు.

పండగ ముందురోజు మాకు తోచింది. బడి పిల్లకు బాణాలకంటే ఆయుధం ఏముంటుంది? అమ్మ కొడవలీ పారా కడిగిన గంగాళంలోనే నా ఆరు బాణాలకూ తలంటు స్నానం చేయించింది. పసుపు నీళ్ళలో ముంచి తీసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎండకు ఆరనీ అని గోడకు ఏటవాలుగా ఆనించింది. చేమంతి పూలు నేనే గుచ్చాను. కొబ్బరికాయ కొట్టి, గట్టిగా మొక్కుకొని, ఆ రోజంతా వాటిని ఎవరినీ ముట్టనీయలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఆరూ విల్లు లాగా వంగి ఉన్నాయి. రెండింటి ఈకలు ఊడి చేతికి వచ్చాయి.

ఎంపికకు ఒక్కరోజే ఉంది. బాణాలు ఓణీ కొంగులో చుట్టుకొని సారు ఇంటికి పోయాను. ఆయన వాటిని చూశారు. పసుపు చూశారు, బొట్లు చూశారు. నేను తిట్లకు సిద్ధంగా తల వంచుకున్నాను.

"ఎవురు చేసినారు పూజ?"

"మా అమ్మ సార్. నేనే చెయ్యమంటి."

"ఊరంత జాగ్రత్తలు చెప్పినాను. ఈ ఒక్క మాట మరిస్తి" అని తన నుదురు కొట్టుకున్నారు. "తప్పు నాదే పాపా. నేనూ నా మోపెడ్‌కు పూజ చేస్తిని గదా! అది ఇనుముది కాబట్టి వంగలేదు."

నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఇద్దరం టీ హోటలుకు పోయాం. పొయ్యి బొగ్గుల సెగ మీద ఒక్కొక్క బాణాన్నీ వెచ్చచేసి, గుడ్డతో పట్టి, మోకాలికి ఆనించి మెల్లగా సాగదీశారు. ఈకలు ఊడిన రెండూ విరిగాయి. నాలుగు మిగిలాయి. నల్లబండ మీద అవి ఇంకా టకటకమంటూనే ఉన్నాయి. బడి గ్రౌండులో గోనెసంచి ముందు నిలబెట్టి వేయమన్నారు. మూడు బాణాలు నేను చూసిన చోటికి జానెడు ఎడం పక్కకు, పక్కపక్కనే దిగాయి. నాలుగోది సంచి పైనుంచి పోయింది.

"నాలుగోదాన్ని ఇంట్లో పెట్టు. ఈ మూడూ ఒకే తప్పు చేస్తాండాయి. ఇంగ భయం ల్యా" అన్నారు. భయం నాకుంది. జానెడు తప్పే బాణాలతో హాస్టల్లో సీటు వస్తుందని నమ్మడానికి నేను అంత పిచ్చిదాన్నా?

ఎంపికలో మూడేసి బాణాలు, పన్నెండు విడతలు. ఎస్తేరు వాళ్ళది చర్చికి పోయే కుటుంబం, వాళ్ళింట్లో ఆయుధపూజ లేదు. సాధనలో విరిగినవి పోగా మిగిలిన దాని మూడు బాణాలూ దూలానికి వేలాడుతూ పండగ సుఖంగా గడిపాయి. నా బాణాలు చూసి అది జాలిపడింది. "ఒకటి మార్చుకుందాం రా. నాకు రెండు మంచివి చాలు" అని తన బాణం ఒకటి నా చేతిలో పెట్టి, నాది ఒకటి తీసుకుంది. కాదనే మనసు నాకెక్కడిది?

నా బాణాల వంకర లెక్కగట్టి కుడికి జరిగి వేస్తే ఎస్తేరు బాణం కుడికే పోయింది. తిన్నగా చూసి వేస్తే నావి ఎడమకు పోయాయి. రెండు విడతల్లో ఒక్కసారీ మూడు బాణాలూ ఒకచోట పడలేదు. అటు ఎస్తేరుకూ రెండు బాగా తగిలి మూడోది అంచుకు పోతోంది. బాణాలు పీక్కొని వస్తుంటే సారు తాడు అవతల నిలబడి ఉన్నారు. ఎస్తేరు చేతిలో కనకాంబరం దారం, నా చేతిలో ఆకుపచ్చ దారం కనపడుతూనే ఉన్నాయి.

"ఇది ఎవురు ఎవురికి చేసిన మేలమ్మా?" అన్నారు. మేమిద్దరం బాణాలు వెనక్కి దాచాం. "ఇద్దరి జతా చెడిపాయ గదా. దాని బాణం దానికి ఇచ్చెయ్ పాపా. అది మంచిదే. నీది గాదు. నీవి మూడూ వంకరవే, అయితే ఒక ఇంటివి. వాటినే నమ్ముకో."

నాకు సిగ్గేసింది. నా సీటు కోసం నేను ఎస్తేరు సీటు మీదికి కూడా తెచ్చాను. బాణం తిరిగి ఇచ్చేశాను. మూడో విడతలో పసుపును వదిలేసి, దానికి జానెడు కుడివైపు ఉన్న నలుపును చూసి వేశాను. తప్పు చోటును చూస్తూ బాణం వదలడం ఎంత కష్టమో చెప్పలేను, చెయ్యి దానంతటదే పసుపు వైపు జరుగుతుంది. మొదటిది పసుపు అంచున దిగింది. రెండోది దాని పక్కనే. ఆ తర్వాత నాకు పెద్దగా గుర్తులేదు. ఎస్తేరుకు రెండో స్థానం వచ్చింది. ఆరు పేర్లు చదివితే ఆరోది నాది.

సారు గబగబా గోడ వైపు నడిచి, ఉమ్మి, వచ్చి, ఈల పొడుగ్గా ఊదారు. ఇంకా పోటీలు జరుగుతూనే ఉన్నాయి. గ్రౌండులో పరుగెత్తుతున్న పిల్లలందరూ ఠక్కున ఆగిపోయారు. అక్కడి అధికారి ఒకాయన వచ్చి ఆయనను బాగా చీవాట్లు పెట్టాడు. చీవాట్లు తింటున్నంతసేపూ సారు నవ్వుతూనే ఉన్నారు.

ఇంట్లో నాయన మాత్రం రెండు రోజులు అవుననలేదు, కాదనలేదు. మూడో రోజు సారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"అయివారూ, ఆడబిడ్డను ఒక్కదాన్నే ఈడ ఇడిసిపెట్టి ఎట్ల పొయ్యేది?" అన్నాడు నాయన.

"ఒక్కటే ఎందుకయితాదప్పా. ఆదివారం ఆదివారం నేను పోయి సూసొస్తా."

"మరి కోడి అంగడికి ఎవురు పోతారు?"

ఇద్దరూ నవ్వారు. నాయన అలా నవ్వి చాలా రోజులైంది. లోపల అమ్మ నా పాత ట్రంకు పెట్టె దుమ్ము దులపడం మొదలుపెట్టింది. ఆదివారాలు సారు మాట తప్పలేదు. పొద్దున్నే కోడి అంగడి పని చూసుకొని, ఉడకబెట్టిన బుడ్డల మూట పట్టుకొని వచ్చేవారు, మేము వలిచి తింటుంటే మా బాణాలు నేల మీద దొర్లించి చూసేవారు. నా బతుకు ఇలా నిలబడిందంటే ఆ కుంటి నడక మనిషి చలవే. ఈ మాట ఆయన ఉండగా చెప్తే వక్కాకు ఉమ్మే నెపం పెట్టుకొని లేచి పోయేవారు.

దీపావళి దాటాక మేమందరం ఒకే పొద్దున బయల్దేరాం. సోమందేపల్లె హైవే మీద బెంగుళూరు బస్సు ఒక పక్క ఆగుతుంది, అనంతపురం బస్సు ఎదురు పక్క. ఎస్తేరు ముందు రోజే హాస్టల్లో చేరిపోయింది. నన్ను చేర్చడానికి సారు వచ్చారు. ముందు బెంగుళూరు బస్సు వచ్చింది. మూటలూ గిన్నెలూ చెల్లెలూ ఎక్కేదాకా గందరగోళం. అమ్మ నా తల నిమిరింది. నాయన ఏదో చెప్పబోయి, కండక్టరు అరుస్తుంటే ఎక్కేశాడు. సారు నా పెట్టె భుజానికి ఎత్తుకొని, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకొని, "పద పాపా, మన బస్సు ఆ పక్క" అన్నారు. లారీలు పోనిచ్చి రోడ్డు దాటాం. వెనక్కి తిరిగి చూస్తే బస్సు కదులుతోంది. నాయన కిటికీలోంచి సగం బయటికి వంగి, ఇందాక మేము నిలబడిన చోటే నన్ను వెతుకుతున్నాడు. నేను చెయ్యి ఊపినా ఈ పక్కకు చూడటం లేదు. సారు పెట్టె దబ్బున కింద పడేసి, ఆ కుంటి కాలితోనే రోడ్డు వెంట బస్సుతోపాటు పరుగెత్తుతూ, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ అరుస్తున్నారు.

"ఈ పక్క సూడప్పా! నీ బిడ్డ ఈ పక్క ఉండాది! ఈ పక్క!"